మాటల క్లాసులో ఒకే ఒక్క సీటు

వేలం వెయ్యడం మాట్లాడడం కిందికి రాదని అనగలిగిన మనిషిని జుల్మీరా పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడడం.

ఆ మనిషి పేరు అర్పీనే. శాన్ తెల్మో కాలేజీలో కౌన్సెలరమ్మ. రెండేళ్ళ కాలేజీలో ఏ కోర్సులు చదివితే యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకుని నేరుగా మూడో ఏట చేర్చుకుంటారో చెప్పడం ఆమె పని. ఆమె చెప్పేదల్లా రెండే మాటలు: చెల్లుతుంది, చెల్లదు. ఆ రెండింటి మధ్య ఆ ఆవుల మైదానంలోని పిల్లల బతుకులు గంగిరెద్దుల్లా తలలూపుతుంటాయి.

"ఇది చెల్లదమ్మా," అంది అర్పీనే, కంప్యూటర్లోకి చూస్తూ.

"ఏది మేడమ్?"

"పశువుల వేలం."

"బాగా చూడండి. క్లాసులో నేనే ఫస్టు. జిల్లా పోటీలో కప్పు కూడా వచ్చింది."

"కప్పు ఇంట్లో పెట్టుకో. యూనివర్సిటీకి కావలసినవి నాలుగు. రాయడం, వాదించడం, లెక్కలు, మాట్లాడడం. మొదటి మూడూ నీకున్నాయి. నాలుగోది లేదు."

"మాట్లాడ్డం కోసమేగా మేడమ్ వేలం తీసుకున్నది! ఊపిరి తియ్యకుండా మాట్లాడతాం అందులో."

"మాట్లాడడమంటే ఒకరు నిలబడి ఒక విషయం చెప్తుంటే మిగతావాళ్ళు కూర్చుని వినాలి తల్లీ."

"వేలంలో అదేగా జరిగేది? అంతా కూర్చునే వింటారు. తల గోక్కుంటే ఆవునెక్కడ అంటగడతారోనని కదలకుండా మరీ వింటారు."

అర్పీనేకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినా రూలు రూలే. "ఈ వసంతం చదువులు ముగిసేలోపు మాటల క్లాసు పాసవ్వాలి. లేకపోతే నీ దరఖాస్తు విప్పి కూడా చూడరు. మళ్ళీ ఏడాది ఆగాలి."

"అయితే ఇప్పుడే చేర్చండి."

"నిండిపోయింది. వెయిటింగు లిస్టు కూడా నిండిపోయింది. సోమవారం పొద్దున్నే టాకెట్ మాస్టారి క్లాసు మొదలు. వెళ్ళి గోడవార నిలబడు. ఎవరైనా రాకపోతే ఆ సీటు గోడవార వాళ్ళకిస్తారు."

జుల్మీరా బయటికొచ్చి పికప్పులో కూర్చుంది. ఇంకో ఏడాది. ఇప్పటికే ఆమె ఆ కాలేజీలో పాతుకుపోయిందని కాపలావాడు కూడా పేరుపెట్టి పిలుస్తున్నాడు. పొద్దున పాలు పితకడం, మధ్యాహ్నం కాలేజీ, సాయంత్రం మళ్ళీ పాలు. ఇలా గడుస్తూ గడుస్తూ ఇరవై ఆరేళ్ళొచ్చి కూర్చున్నాయి. ఆమెకు కావలసినది ఒక్కటే. తీరం వైపున్న యూనివర్సిటీలో పాల చదువు చదవాలి, చీజ్ చెయ్యడం నేర్చుకోవాలి. అక్కడ గచ్చునేల గదుల్లో చీజ్ చక్రాలు బండి చక్రాలంత వుంటాయని విన్నప్పటి నుంచీ ఆమెకు కలల్లో కూడా అవే దొర్లుతున్నాయి.

* * *

జుల్మీరా వాళ్ళింట్లో కోర్సు ఎంచుకోవడమంటే పెళ్ళిసంబంధం కుదర్చడం కన్నా పెద్ద రభస. నాన్న పాక వదిలి వచ్చేవాడు కాదు. అమ్మ నవ్వి ఊరుకునేది. నిర్ణయాలన్నీ ఇద్దరివి: ఒకరు నాన్నను కన్న నాయనమ్మ లియొంటీనా, రెండోవాడు అమ్మకు అన్న హెర్మీనియో మామయ్య. నాయనమ్మది తెర్సేరా దీవి, మామయ్య వాళ్ళది పక్కనే ఉన్న సావ్ జోర్జ్ దీవి. సముద్రం దాటి ఈ మైదానంలో ఆవుల మధ్య స్థిరపడి ఇన్నేళ్ళయినా ఆ రెండు దీవుల మధ్య నీళ్ళు మాత్రం వాళ్ళ భోజనాల బల్ల మీద పారుతూనే ఉన్నాయి.

మామయ్య పశువుల సంతలో వేలం వేస్తాడు. ఆయన నోరు విప్పితే తుమ్మెదల గుంపు లేచినట్టుంటుంది. శనివారాలు కాలేజీలో ఆ విద్యే నేర్పుతాడు. "మాట్లాడ్డం తప్పనిసరిట" అని మేనకోడలు చెప్పగానే ఆయన రొమ్ము విరుచుకుని, "నా క్లాసు చెల్లకపోతే ఈ దేశంలో ఇంకేం చెల్లుతుందే అమ్మడూ!" అన్నాడు. ఊరంతా అవునంది. చర్చిలో ఫాదరుగారు కూడా అవునన్నాడు. కౌన్సెలర్ని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సంతకెళ్ళేవాడు ఆవును చూసుకుంటాడు గాని ఆవు గురించి ఆఫీసులో అడుగుతాడా?

శుక్రవారం నాడు జుల్మీరా ఈ కబురు తెచ్చేసరికి వంటింట్లో ఇద్దరూ ఉన్నారు. నాయనమ్మ తీపిరొట్టె పిండి పిసుకుతోంది. మామయ్య ఆ పిండి వైపు చూస్తూ కాఫీ తాగుతున్నాడు.

"చెల్లదన్నారు," అంది జుల్మీరా.

"ఏది?" అన్నారిద్దరూ ఒక్కసారే.

"వేలం."

మామయ్య గొంతులో కాఫీ అడ్డం పడింది. నాయనమ్మ పిండి మీద చేతులు అలాగే ఉంచి, పైకప్పు వైపు చూసి, ముఖమంతా పున్నమి చేసుకుంది.

"ఆయన తీసుకోమన్న వెల్డింగు?" అంది మెల్లిగా.

"చెల్లలేదు."

"ఆవులకి సూదులేసి కడుపు చెయ్యడం?"

"అదీ చెల్లలేదు నాయనమ్మా."

"మరి నేను చెప్పిన కుండలు చెయ్యడం?"

"చెల్లింది."

"కోరస్ పాటలు?"

"చెల్లింది."

"పక్కింటి పంజాబీ వాళ్ళు ఎవరికి మొక్కుతున్నారో తెలుసుకుందామని నేను తీసుకోమన్నానే, ఆ మతాల క్లాసు?"

"చెల్లింది. అందులో ఎక్కువ మార్కులు కూడా."

నాయనమ్మ పిండి చేతుల్తోనే శిలువ గీసుకుంది. "ఏమయ్యా హెర్మీనియో, విన్నావా? కుండలు చెల్లాయి. నీ కేకలు చెల్లలేదు. మీ సావ్ జోర్జ్ వాళ్ళకి చీజ్ తప్ప ఇంకేం తెలుసని నా కోడలి పెళ్ళినాడే అనుకున్నాను. ఆ చీజ్ కూడా నా మనవరాలు యూనివర్సిటీకెళ్ళి నేర్చుకోవాల్సి వస్తోంది!"

"అత్తయ్యగారూ, మీ తెర్సేరా వాళ్ళు పండగొస్తే తిండికి ముందు ఎద్దుల వెనక, తిండయ్యాక ఎద్దుల ముందు పరిగెత్తడమే గాని..."

"పరిగెత్తినా చెల్లుతుంది! కాలేజీలో పరుగు క్లాసు కూడా ఉంది!"

"మామయ్యా, నాయనమ్మా, నా ఏడాది పోతోంది," అంది జుల్మీరా.

మామయ్య టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. టోపీ తీస్తే ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోతాడు. "నావల్లే అమ్మడూ," అన్నాడు. "నా క్లాసు నాకు అంత గొప్పగా కనపడింది మరి."

నాయనమ్మకు ఆ మాటతో పోట్లాట రుచి పోయింది. రొట్టెపిండి ముద్ద తుంచి ఆయన ముందు పెట్టింది. పచ్చిపిండి అంటే ఆయనకు చిన్నపిల్లాడి కన్నా ఎక్కువ ఇష్టం. "సోమవారం ముగ్గురం వెళ్దాం," అంది. "గోడవార నిలబడ్డానికి నాకూ కాళ్ళున్నాయి."

* * *

సోమవారం మంచు దిగింది. మామూలు మంచు కాదు, పాలకుండలో తల దూర్చినట్టుండే మంచు. చిన్నపిల్లల బడులకు ఆలస్యంగా రమ్మని కబురు పెడతారు గాని కాలేజీ వాళ్ళకు మంచూ లేదు, మన్నూ లేదు. మామయ్య పికప్పు నడుపుతున్నాడు, నాయనమ్మ కిటికీ పక్కన, మధ్యలో జుల్మీరా, జుల్మీరా ఒళ్ళో గుడ్డ చుట్టిన తీపిరొట్టె.

నాలుగు దారుల కూడలి వచ్చిందంటే ఆ మైదానంలో అందరూ చేసేది ఒక్కటే. బండి ఆపి, రెండు వైపులా అద్దాలు దించి, చెవులు రిక్కించి వినడం. చప్పుడు లేకపోతే దాటడం.

"వినండి," అన్నాడు మామయ్య అద్దం దించి.

"వింటున్నా," అంది నాయనమ్మ. "నీ మాటే వినిపిస్తోంది."

"మీరు ఊరుకుంటే లారీ వినిపిస్తుంది."

"నేనెప్పుడు మాట్లాడాను? నువ్వేగా వినండి అంటివి!"

"దేవుడా, ఇద్దరూ కాసేపు నోళ్ళు మూస్తే బతికి క్లాసుకెళ్తాను!" అంది జుల్మీరా. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. మంచులో ఎక్కడో ఒక ఆవు అరిచింది. "మన జెర్సీయే," అంది నాయనమ్మ. ముగ్గురికీ ఒకేసారి నవ్వు ముంచుకొచ్చింది. నవ్వుతూనే కూడలి దాటారు. లారీ ఏదీ రాకపోవడం ఆ దేవుడి దయ.

ఆ నవ్వులోనే మామయ్య జెర్సీ సంగతి ఎత్తాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. జుల్మీరా పుట్టకముందెప్పుడో సంతలో నుదుట చుక్కున్న జెర్సీ పెయ్యను చూసి ఆయన మనసు పారేసుకున్నాడు. కాని వేలం వేసేది తనే. వేలం వేసే మనిషి తాను పాడకూడదు, తన ఇంటివాళ్ళ చేత పాడించకూడదు. అది ఆయన తండ్రి నేర్పిన నీతి. కళ్ళనీళ్ళు కారుతుంటే ఆ పెయ్యను వేరేవాడి పేరున పాట ముగించేశాడు. ఆ వేరేవాడు ఎవరో కాదు, జుల్మీరా నాన్న.

"అందుకే మీ నాన్నకి నా చెల్లెల్నిచ్చాను," అన్నాడు మామయ్య. "పెయ్యను చూడ్డానికి వచ్చిపోతుండొచ్చు గదాని."

"ఓరి నీ తెలివి తెల్లారా!" అంది నాయనమ్మ.

* * *

టాకెట్ మాస్టారి క్లాసులో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. గోడవార వరసగా జనం. మామయ్య తనదీ కాలేజీ ఉద్యోగమేనన్న బింకంతో గుమ్మం బయటే ఆగాడు. నాయనమ్మ మాత్రం జుల్మీరా చెయ్యి పట్టుకుని గోడవారకొచ్చి నిలబడింది.

టాకెట్ మాస్టారు పొడుగాటి మనిషి. బూట్లు చూస్తే పొలం, కళ్ళజోడు చూస్తే బడి. పేర్లు పిలిచాడు. ఒక్క పేరుకే పలుకు రాలేదు. మళ్ళీ పిలిచాడు. లేదు.

"ఒక్క సీటుంది," అన్నాడు గోడ వైపు తిరిగి. "ఈ గదిలో ఇన్ని కుర్చీలే ఉండాలని అగ్నిమాపకం వాళ్ళ హుకుం. కాబట్టి నేనెప్పుడూ చేసేదే చేస్తాను. కాఫీ డబ్బాలో చీటీలు." నాయనమ్మను చూసి ఆగాడు. "అమ్మా, మీరు కూడా చేరడానికేనా?"

"నేను మాట్లాడ్డం నేర్చుకోవాలా నాయనా?" అంది నాయనమ్మ.

"అక్కర్లేదండీ!" అని గుమ్మంలోంచి మామయ్య కేకేశాడు. క్లాసంతా గొల్లుమంది.

మాస్టారు డబ్బా ఊపాడు. జుల్మీరా ఆ డబ్బా వైపే చూసింది. ఏడాది చదువు ఒక డబ్బాలో చీటీ! ఆపుకోలేక అనేసింది: "సార్, మా సంతలో కుంటి దూడను కూడా చీటీలేసి ఇవ్వరు!"

మాస్టారు డబ్బా దించాడు. "మరెలా ఇస్తారు?"

"వేలం వేస్తారు."

"కాలేజీ సీటుకు డబ్బు తీసుకుంటే నన్ను జైల్లో వేస్తారమ్మాయీ."

"డబ్బు కాదు సార్. ఎవరికెంత అవసరమో అది పాడాలి. ఎవరి అవసరం పెద్దదో వాళ్ళది సీటు."

మాస్టారికి ఇది నచ్చినట్టుంది. ఇన్నేళ్ళలో మొదటి రోజు ఎవరూ ఆయన క్లాసులో నోరు విప్పిన పాపాన పోలేదు. బల్ల ముందునుంచి పక్కకు తప్పుకుని, "వెయ్యి మరి," అన్నాడు.

జుల్మీరా ముందుకు నడిచింది. బల్ల మీదున్న డస్టరు తీసుకుంది. నోరు తెరిచింది. ఇక ఆ నోరు ఆమెది కాదు, సంతది.

"రండి బాబూ రండి, ఇదిగో సీటు, నాలుగు కాళ్ళ సీటు, నల్లబల్ల ఎదురుగా సీటు, కిటికీ పక్కన సీటు, చలికి హీటరు దగ్గర సీటు, కూర్చుంటే యూనివర్సిటీలో చెల్లే సీటు! ఎవరి పాట, ఎవరి పాట, మొదటి పాట ఎవరిది, ఆ టోపీ అబ్బాయి, చెప్పు బాబూ చెప్పు!"

"నాకు... ఈ టైమైతే మధ్యాహ్నం పడుకోవచ్చు," అన్నాడు టోపీ అబ్బాయి.

"నిద్రకి పాడాడు, నిద్రకి పాడాడు, నిద్ర కన్నా పెద్ద అవసరం లేదా అయ్యలారా, అమ్మలారా..."

"నాకు ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పు పోతుంది!" అన్నాడు పక్కనున్న బంతి ఆటగాడు.

"నిద్ర మీద బంతి! బంతి మీద ఎవరు, బంతి మీద ఎవరు?"

అప్పుడు, సరిగ్గా అప్పుడు, గుమ్మంలో మామయ్య కనిపించాడు. ఆయన టోపీతో ముఖం కప్పుకుని ఉన్నాడు. జుల్మీరాకు మెరుపులా తెలిసింది తనేం చేసిందో. డస్టరు తన చేతిలో ఉంది. వేలం వేసే మనిషి పాడకూడదు. సీటు కోసం వచ్చి, సీటు పాడుకునే నోటిని తనే కట్టేసుకుంది. కాని పరిగెత్తే ఎద్దు మీద ఎక్కాక దిగడం దాని చేతిలో ఉంటుంది గాని మన చేతిలో ఉండదు. నాలుక ఆగలేదు.

"నా మనవరాలికి!" అని నాయనమ్మ చెయ్యెత్తింది. "ఇదిగో, ఈ పిల్లకే! దీని ఏడాది పోతుంది!"

"ఇంటివాళ్ళ పాట చెల్లదు!" అంది జుల్మీరా ఊపిరి తియ్యకుండా.

"ఏమిటే చెల్లనిది? నాది ఎప్పుడూ చెల్లుతుంది! కుండలు చెల్లలేదూ?"

"చెల్లదు నాయనమ్మా, కూర్చో నాయనమ్మా, కుర్చీ లేదు, నిలబడు నాయనమ్మా, బంతి మీద ఎవరు, బంతి మీద ఎవరు?"

నాయనమ్మ నోరు వెళ్ళబెట్టింది. గుమ్మంలో టోపీ కిందికి దిగింది. దాని వెనక మామయ్య కళ్ళు చెమ్మగిల్లి మెరుస్తున్నాయి. అవి జెర్సీ పెయ్యనాటి కళ్ళే.

గోడ చివరినుంచి ఒక పెద్దాయన చెయ్యి సగం ఎత్తాడు. పేరు డెల్బర్ట్. పాల ట్యాంకరు నడుపుతాడు. "మా అమ్మాయి పెళ్ళి మే నెలలో," అన్నాడు నేల చూస్తూ. "తండ్రి లేచి నాలుగు మాటలు చెప్పాలంట. నాకు... లారీలో ఒంటరిగా తిరిగే మనిషిని. మాటలు రావు."

జుల్మీరా గొంతు కాస్త తగ్గింది. "పెళ్ళికి పాడాడు పెద్దాయన. పెళ్ళి మీద ఎవరు?"

"నేను," అంది పక్కనున్న మైచియా అనే మోంగ్ జాతి అమ్మాయి. రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. పొట్ట పండిన పుచ్చకాయలా ఉంది. "నర్సింగులో సీటొచ్చింది. ఈ క్లాసు పాసైతేనే చేర్చుకుంటామన్నారు. వచ్చేసారి చదువుదామంటే అప్పటికి చంటిబిడ్డ చేతిలో ఉంటుంది. ఇక నేను ఎప్పటికీ రాను. నా సంగతి నాకు తెలుసు."

ఈ పాట మీద ఎవరు పాడగలరు? డెల్బర్ట్ చెయ్యి దించాడు. టోపీ అబ్బాయి టోపీ తీశాడు.

"బిడ్డ ఒకటోసారి," అంది జుల్మీరా. "బిడ్డ రెండోసారి." గోడ వైపు ఆశగా చూసింది, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. ఏం లాభం, అన్నా సీటు తనకు రాదు. "బిడ్డ మూడోసారి!" డస్టరు బల్ల మీద కొట్టింది. సుద్దపొడి లేచింది, బయటి మంచు కొంచెం లోపలికొచ్చినట్టు.

క్లాసంతా చప్పట్లు. మైచియా కుర్చీలో కూర్చుని ఏడుస్తూ నవ్వుతోంది. నాయనమ్మ వెళ్ళి ఆమె ఒళ్ళో తీపిరొట్టె పెట్టేసింది, "ఇద్దరి కోసం తినాలి" అంటూ. జుల్మీరా డస్టరు బల్ల మీద పెట్టి గోడ వైపు నడిచింది. ఏడాది పోయింది. పోయింది గాని, ఇంత బాగా వేలం ఆమె ఎన్నడూ వెయ్యలేదు. అదేం చిత్రమో, ఏడవాల్సినప్పుడు పెదాలు నవ్వుతున్నాయి.

అంతలో మొదటి వరసలో ఒక కుర్రాడు లేచాడు. పేరు కార్బిన్. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"సార్, ఈ క్లాసులో అందరూ ఇలా మాట్లాడాలా?"

"ఇంత వేగంగా అక్కర్లేదు."

"కాని మాట్లాడాలా? నిలబడి? వీళ్ళందరి ముందూ?"

"మాటల క్లాసు కదా నాయనా. ఏమనుకుని చేరావు?"

"మాటల గురించి చదవడమేమో అనుకున్నాను సార్." సంచి భుజాన వేసుకున్నాడు. "కుండల క్లాసులో ఖాళీ ఉందేమో చూసుకుంటా."

"వెళ్ళు బాబూ, అది చెల్లుతుంది!" అని నాయనమ్మ వెనకనుంచి దీవించింది. కార్బిన్ మామయ్యను తోసుకుని మంచులో మాయమయ్యాడు.

అందరూ ఆ ఖాళీ కుర్చీ వైపు చూశారు. తర్వాత జుల్మీరా వైపు చూశారు. టాకెట్ మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మళ్ళీ వేలమే," అన్నాడు. "ఈ అమ్మాయి వెయ్యకూడదు. ఎవరు వేస్తారు?"

మామయ్య గుమ్మంలోంచి ఒక కాలు లోపల పెట్టాడు. నాయనమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. "ఇంటివాడివి. చెల్లవు."

గోడవార గొణుగుడు. చివరికి డెల్బర్ట్ ముందుకొచ్చాడు. "నేను... వేస్తాను," అన్నాడు. ఆయనకే ఆ మాట వింతగా వినిపించింది. పాకలో దూడను పట్టుకున్నట్టు రెండు చేతుల్తో డస్టరు పట్టుకున్నాడు. ఆ తర్వాత జరిగినంత నెమ్మదైన వేలం ఆ మైదానం చరిత్రలో ఉండి ఉండదు.

"ఇదిగో," అన్నాడు డెల్బర్ట్. ఆగాడు. "కుర్చీ." మళ్ళీ ఆగాడు. "మంచిదే." చెమట తుడుచుకున్నాడు. "ఎవరైనా?"

జుల్మీరా చెయ్యెత్తింది. ఇతరుల అవసరాలు గాలివాటుగా పాడిన నోటికి తన అవసరం అడ్డం పడింది. సంతలో వేగం అందుకుంటే మాట వెనక దాక్కోవచ్చు. ఇక్కడ దాక్కునే చోటు లేదు. అందరూ కదలకుండా వింటున్నారు.

"మా తాత పాలు పితికాడు," అంది మెల్లిగా. "నాన్న పితుకుతున్నాడు. నేనూ పితుకుతున్నాను. తెల్లారేసరికి ట్యాంకరొచ్చి ఆ పాలన్నీ పట్టుకుపోతుంది. ఎక్కడికి పోతాయో, ఏమవుతాయో మా ఇంట్లో ఒక్కళ్ళూ చూళ్ళేదు. నాకు ఆ పాల వెనకాల వెళ్ళాలనుంది. అవి చీజ్ అయ్యేదాకా వాటితో ఉండాలనుంది. అంతే. ఈ క్లాసు లేకపోతే యూనివర్సిటీ వాళ్ళు రానివ్వరు."

డస్టరు పట్టుకున్న డెల్బర్ట్ నోరు తెరిచాడు. "మీది... నుదుట చుక్కున్న జెర్సీల డెయిరీ కాదూ?"

"అవును."

"ఆ పాలు తీసుకెళ్ళేది నేనే గదమ్మా! ఎక్కడికి పోతాయో నన్నడిగితే చెప్పేవాణ్ణిగా, దీనికి యూనివర్సిటీ దేనికి!"

క్లాసు పగలబడి నవ్వింది. జుల్మీరా అందరి కన్నా ఎక్కువ నవ్వింది. డెల్బర్ట్ తన మాటకు అంతమంది నవ్వడం జీవితంలో అదే మొదటిసారి చూడడం. ముందు బెదిరాడు, తర్వాత ఆయన మీసం కింద కూడా ఏదో వెలిగింది. "ఒకటోసారి," అన్నాడు ఈసారి గట్టిగా. టోపీ అబ్బాయి చేతులు కట్టుకున్నాడు. "నేను పొద్దున్నే పడుకుంటా లెండి," అన్నాడు. బంతి ఆటగాడు జుల్మీరా చెప్పినంతసేపూ తలదించుకునే ఉన్నాడు, ఇప్పుడు తలెత్తి, "నాకు సాయంత్రం మాటల క్లాసులో సీటుంది, ఆ వేళ రావడానికి బద్ధకించి ఇక్కడికొచ్చాను," అని ఒప్పుకున్నాడు. "రెండోసారి. మూడోసారి!"

సుద్దపొడి మళ్ళీ లేచింది.

"మరి మీరు?" అంది జుల్మీరా, కుర్చీలో కూర్చోబోతూ ఆగి. "వేలం వేసి మీరే పోగొట్టుకున్నారు."

టాకెట్ మాస్టారు అడ్డొచ్చాడు. "ఏమండీ డెల్బర్ట్, మీ అమ్మాయి పెళ్ళిలో చెప్పే నాలుగు మాటలు యూనివర్సిటీలో చెల్లాలా?"

"అక్కర్లేదు."

"అయితే మీకు కుర్చీ దేనికి? గుమ్మం దగ్గర నిలబడి వినండి. మీ వంతొచ్చినప్పుడు లోపలికొచ్చి మాట్లాడండి. గుమ్మం సంగతి హుకుంలో లేదు." తర్వాత గుమ్మంలోనే ఉన్న మామయ్యను చూశాడు. "మీరు శనివారాల వేలం మాస్టారు గదూ? ఒకరోజు వచ్చి మా వాళ్ళకి గొంతు ఎలా వాడాలో చూపించాలి."

మామయ్య టోపీ పెట్టుకున్నాడు. ఒక్కసారిగా పదేళ్ళు తగ్గాడు. "చెల్లుతుందా సార్, అది?"

"నా దగ్గర చెల్లుతుంది."

* * *

క్లాసు వదిలాక ముగ్గురూ కౌన్సెలరమ్మ గదికి దాదాపు పరిగెత్తారు. మంచు పలచబడి ఎండ పాలమీగడలా తేలుతోంది. అర్పీనే కాఫీ తాగబోతూ ఆగింది. ముందు జుల్మీరా, వెనక వేలం మాస్టారు, ఆయన వెనక పిండిమరకల గౌనుతో ఒక ముసలమ్మ. ఆ గదిలోకి ఇంతమంది ఒక్క కోర్సు కోసం ఎప్పుడూ రాలేదు.

"వచ్చింది మేడమ్! మాటల క్లాసు! చూడండి, చెల్లుతుందో లేదో చూడండి!"

అర్పీనే కంప్యూటర్లో వెతికింది. ముగ్గురూ ఆమె భుజం మీదుగా వంగారు. కూడలి దగ్గర లారీ చప్పుడుకు విన్నట్టు ఊపిరి బిగబట్టారు.

"చెల్లుతుంది," అంది అర్పీనే.

"ఒకటోసారి," అన్నాడు మామయ్య.

అర్పీనే ఆయన వైపు, ముసలమ్మ వైపు, నవ్వాపుకోలేక బుగ్గలు పొంగించుకున్న పిల్ల వైపు చూసింది. ఆమెది ఫ్రెస్నో దగ్గర ద్రాక్షతోటల ఇల్లు. పంట వేలాలు చూస్తూ పెరిగింది గనక వేలం ఎలా ముగియాలో ఆమెకూ తెలుసు.

"చెల్లుతుంది, రెండోసారి," అంది. కాఫీకప్పు ఎత్తింది. "చెల్లుతుంది, మూడోసారి!"

కప్పు బల్ల మీద ఠక్కున దింపింది. కాఫీ చిందింది. నాయనమ్మ జేబులోంచి గుడ్డ తీసి తుడుస్తూ, గొంతు తగ్గించి అడిగింది:

"అమ్మాయీ, ఎటూ వచ్చాను గనక అడుగుతున్నా. ఆ కుండల క్లాసులో నాకూ ఒక సీటు దొరుకుతుందా?"